జ్వరం సంగతి చెబితే పిల్లల్ని తీసుకుపోతారన్న భయం

ప్రశ్న: మేం కొందరం ఒకే బడిలో టీచర్లం. వేరే దేశాల నుంచి పనికోసం వచ్చినవాళ్ల పిల్లలు, యుద్ధం వల్ల ఇల్లూ వాకిలీ వదిలేసి వచ్చిన శరణార్థుల పిల్లలు మా దగ్గర చాలామంది చదువుతున్నారు. కొవిడ్‌లో బడి మూసినప్పుడు ఇంటింటికీ సరుకులు ఇచ్చాం, హెల్ప్‌లైన్ నంబరు అచ్చువేసి పంచాం. ఆ నంబరుకు ఫోన్ చేసినవాళ్లు దాదాపు లేరు. ఇద్దరు పిల్లలతో ఒంటరిగా ఉండే ఒక తల్లి, ఊపిరి అందని స్థితి వచ్చేదాకా జ్వరం సంగతి దాచింది. ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లాక పిల్లల్ని ఎవరి దగ్గర ఉంచాలో ఎవరికీ తెలియలేదు. మళ్లీ అలాంటి మహమ్మారి వస్తే మేం ఏం చెయ్యాలి? ఇప్పట్నుంచే ఏం సిద్ధం చేసుకోవాలి?

సమాధానం: టీచరు గారూ, ఆ తల్లి తెలియక దాచలేదు. లెక్క వేసుకునే దాచింది. జ్వరం ఉందంటే ఆసుపత్రికి పంపుతారు, మరి పిల్లలు ఎవరి దగ్గర? పనికి రావద్దంటారు, మరి అద్దె ఎలా? పేరు రాసుకుంటారు, ఆ పేరు ఎవరి చేతికి పోతుంది? మీరు పంచిన కాగితంలో నంబరు ఉందిగానీ ఈ మూడింటిలో ఒక్కదానికీ జవాబు లేదు. అందుకే ఎవరూ ఫోన్ చెయ్యలేదు. సరుకులు తప్పకుండా కావాలి, ఆ పని మానకండి. కానీ జబ్బు బయటపెట్టినందుకు పిల్లలు, కూలి, కాగితాలు ఈ మూడూ పోవన్న నమ్మకం కుదిరేదాకా ఎంత మంచి వైద్యం ఉన్నా వాళ్లు తలుపు తియ్యరు. మీ సన్నాహం అక్కణ్నుంచే మొదలవ్వాలి.

మొదట పిల్లల సంగతి. ప్రతి కుటుంబానికీ ఒక కార్డు తయారుచెయ్యండి. అరచేతిలో పట్టే మందపాటి కాగితం చాలు. దానిమీద పిల్ల పూర్తి పేరుతోపాటు ఇంట్లో పిలిచే పేరు రాయాలి, ఎందుకంటే మూడేళ్ల పిల్ల రిజిస్టరులోని పేరుకు పలకదు, తల్లి పేరు అడిగితే ‘అమ్మ’ అనే చెబుతుంది. పుట్టిన తేదీ, అర్థమయ్యే భాష, పడని మందులు, రోజూ వేసుకునే మందు ఉంటే దాని పేరు, మోతాదు, వేళ కూడా ఉండాలి. ఏం పట్టుకుని నిద్రపోతుందో, చీకటంటే భయమో కాదో రాయండి. చూడ్డానికి చిన్న సంగతే, మొదటి రాత్రి పిల్లను చూసుకునేవాళ్లకు అన్నిటికన్నా పనికొచ్చేది అదే. తల్లీ పిల్లా కలిసి ఉన్న ఫొటో ఒకటి అంటించండి. రేపు పిల్లను తిరిగి అప్పగించేటప్పుడు ఎవరు ఎవరో తేల్చేది ఆ ఫొటోయే.

కార్డు వెనకవైపు, తల్లికి ఏమన్నా అయితే పిల్లల్ని చూసుకోవాల్సినవాళ్ల పేర్లు రెండు ఉండాలి. ఒకరు చాలరు. సాధారణంగా అందరూ ఆ గదిలోనే ఉండే స్నేహితురాలి పేరు చెబుతారు. ఒకే గదిలో ఉన్నవాళ్లు ఒకేసారి మంచం పడతారు కాబట్టి కనీసం ఒకరైనా వేరే ఇంటివాళ్లు కావాలి. వాళ్లు వయసు మీరినవాళ్లో, షుగరు, గుండెజబ్బు ఉన్నవాళ్లో కాకుండా చూడండి, ఎందుకంటే వచ్చే పిల్లలు అప్పటికే జబ్బుమనిషి పక్కన ఉండి వస్తారు. ఆ ఇద్దరితోనూ ముందే మాట్లాడి ఒప్పుకోలు తీసుకోవాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకేచోట ఉండేలా అడగండి. పిల్లను ఎవరికి అప్పగించకూడదో కూడా తల్లిని ఒంటరిగా ఉన్నప్పుడు అడిగి తెలుసుకోండి. కొట్టే భర్త నుంచి తప్పించుకుని వచ్చిన తల్లులుంటారు. ఆ జవాబు మాత్రం కార్డుమీద కాకుండా మీ దగ్గర తాళం వేసే చోట ఉండాలి. చివర్లో తల్లి తన భాషలో, తన చేతిరాతలో సమ్మతి రాసి సంతకం పెట్టాలి. కార్డు మూడు ప్రతులు: ఒకటి ఇంట్లో, ఒకటి చూసుకునేవాళ్ల దగ్గర, ఒకటి బడిలో. మీ ప్రాంతంలో పిల్లల సంరక్షణ అధికారులు ఎవరో, బంధువు కానివారి దగ్గర పిల్లను ఎన్నాళ్లు ఉంచొచ్చో, దానికి ఏం రాయించుకోవాలో ఇప్పుడే అడిగి పెట్టుకోండి. ఆ రాత్రికి అడిగితే చెప్పేవాళ్లు దొరకరు. తెలిసినవాళ్లు ఎవరూ లేని కుటుంబాలకు, అనుమతి ఉన్న తాత్కాలిక పెంపుడు కుటుంబాన్ని అధికారులతో ముందే మాట్లాడించి పెట్టండి. పిల్లల్ని హాస్టల్లోనో అనాథాశ్రమంలోనో చేర్చడం ఇంకే దారీ లేనప్పటి మాట.

తల్లిని అంబులెన్సు ఎక్కించే రోజున ఒక్క పని ఎట్టి పరిస్థితిలోనూ మరవకండి. పిల్లను ఎవరు, ఎక్కణ్నుంచి, ఎక్కడికి, ఏ తేదీన, ఎన్ని గంటలకు తీసుకెళ్లారో రాసి, తీసుకెళ్లినవాళ్ల సంతకం పెట్టించాలి. దాని నకలు తల్లితోపాటు ఆసుపత్రికి పోవాలి. హడావుడిలో పిల్లలు తప్పిపోయేది ఈ ఒక్క కాగితం రాయకపోవడం వల్లే. తల్లి వెళ్లిన సంగతి పిల్లకు అబద్ధం చెప్పకండి. ‘అమ్మకు ఒంట్లో బాగోలేదు, డాక్టర్లు చూస్తున్నారు, నువ్వు చేసిన తప్పేం లేదు, సాయంత్రం ఆరింటికి ఫోన్లో మాట్లాడదాం’ అని చెప్పి, ఆరింటికి తప్పకుండా ఫోన్ కలపండి. తల్లి మాట్లాడలేని స్థితిలో ఉంటే ఆ వేళకే ఎవరో ఒకరు ఆమె సంగతి చెప్పాలి. ఎప్పుడో అప్పుడు మాట్లాడిస్తామంటే ఆ పిల్ల రోజంతా గుమ్మంలోనే కూర్చుంటుంది. దేశం దాటేటప్పుడే విడిపోయిన కుటుంబాలైతే, బంధువుల ఆచూకీ వెతికిపెట్టే పని రెడ్‌క్రాస్, రెడ్ క్రెసెంట్ సంస్థలు ప్రపంచమంతటా చేస్తాయి. దరఖాస్తు ఇప్పుడే పెట్టించండి.

జబ్బు పిల్లకే వచ్చి తల్లి ఆరోగ్యంగా ఉంటే? 2022 ఏప్రిల్‌లో షాంఘైలో కొవిడ్ సోకిన చిన్నపిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి ఉంచారు. జనం గట్టిగా గోల చేశాక కొందరు తల్లిదండ్రులను తోడు ఉండనిచ్చారు. తల్లిదండ్రుల ఇష్టానికి విరుద్ధంగా పిల్లను విడదీయకూడదని, పిల్ల మేలు కోసం అది తప్పనిసరి అయితేనే వేరని 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 9వ అధికరణం చెబుతోంది. మీ దగ్గరి ఆసుపత్రిలో పిల్లతో ఒకరు ఉండొచ్చా, తోడున్నవాళ్లకు మాస్కులు ఎవరిస్తారు అని ఇప్పుడే అడిగి, జవాబు రాతలో తీసుకోండి. పాలిచ్చే తల్లికి కొవిడ్ వచ్చినా పాలు మానక్కర్లేదని, చేతులు కడుక్కుని మాస్కు పెట్టుకుని ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అప్పట్లోనే చెప్పింది. అయినా బిడ్డను వేరే గదిలో పెట్టిన ఆసుపత్రులున్నాయి. కొత్త జబ్బు వస్తే ఈ విషయంలో సంస్థ ఏం చెప్పిందో మొదటి వారంలోనే చూసి తల్లులకు చెప్పండి.

ఇక కూలి. రోజుకూలి మీద బతికేవాళ్లకు పరీక్ష ఫలితం వచ్చాక సాయం చేస్తామంటే ప్రయోజనం లేదు. ఫలితం వచ్చేదాకా రెండు మూడు రోజులు పనికి పోతారు, అంటించి వస్తారు. జ్వరమని ఫోన్ చేసిన రోజే డబ్బు చేరాలి. మీ దగ్గర ఎంత నిధి ఉందో దాన్నిబట్టి, ఎక్కువమందికి కొంచెం కొంచెం ఇచ్చేకంటే, ఇంట్లో ఉండిపోయే కుటుంబానికి అన్ని రోజుల కూలీ పూర్తిగా ఇవ్వడం మంచిదని మా అభిప్రాయం. సగం కూలితో ఎవరూ ఇంట్లో కూర్చోలేరు. సరుకుల కంటే నగదు మేలు, పసిపిల్లకు ఏం కావాలో తల్లికి తెలుసు. తీసుకునేవాళ్ల ఫొటోలు మాత్రం తియ్యకండి. శరణార్థి ఫొటో తప్పుడు చోటికి చేరితే వదిలి వచ్చిన దేశంలోని బంధువులకే ముప్పు.

కాగితాల భయం అన్నిటికన్నా లోతైనది. మీ పేర్ల జాబితాలో వీసా ఉందా లేదా, పాస్‌పోర్టు నంబరు, మతం, ఏ దారిన వచ్చారు అన్నవి రాయకండి. రాయని సమాచారాన్ని ఎవరూ అడిగి పట్టుకుపోలేరు. ఆసుపత్రివాళ్లను సూటిగా అడగండి: రోగి వివరాలు ఇమిగ్రేషన్ అధికారులకు ఇస్తారా? ఇవ్వమంటే ఆ మాట లెటర్‌హెడ్ మీద రాయించి, కుటుంబాల భాషల్లోకి మార్చి పంచండి. ఇస్తామంటే దాచకుండా చెప్పి, ఇవ్వని క్లినిక్ ఎక్కడుందో వెతకండి. ‘మీకేం కాదు, మాదే పూచీ’ అని మీ చేతిలో లేని మాట ఎప్పుడూ ఇవ్వొద్దు. ఒకసారి అది తప్పితే ఆ కుటుంబమే కాదు, వాళ్లకు తెలిసినవాళ్లు కూడా మీ మొహం చూడరు. ప్రభుత్వాలు తలుచుకుంటే ఈ భయం తియ్యగలవు. 2020 మార్చిలో పోర్చుగల్, అప్పటికే దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూస్తున్న వలసదారులను, ఆశ్రయం కోరినవాళ్లను తాత్కాలికంగా చట్టబద్ధ నివాసులుగా లెక్కించి వైద్యం, సహాయ పథకాలు అందేలా చేసింది. మీ అధికారులకు రాసే అర్జీలో ఈ ఉదాహరణ వాడుకోండి.

మాట చేరే తీరు గురించి ఒక గట్టి సూచన. డాక్టరు మాటల్ని తల్లికి తర్జుమా చేసే పని పిల్లకు అప్పజెప్పకండి. బడిలో భాష త్వరగా పట్టేది పిల్లలే కాబట్టి అందరూ వాళ్లనే ముందుకు తోస్తారు. పదేళ్ల పిల్ల ‘మీ అమ్మ బతకడం కష్టం’ అన్న మాట తన నోటితో అమ్మకు చెప్పాల్సి వస్తుంది. లేదా భయపడి దాన్ని మింగేస్తుంది. తల్లి కూడా రక్తస్రావం గురించో ఇంట్లో దెబ్బల గురించో పిల్ల ముందు నోరు విప్పదు. ఫోన్లో మాట్లాడే దుబాసీలను ప్రతి భాషకూ ఇద్దర్ని చూసి పెట్టుకోండి. వాళ్లలో ఒక ఆడమనిషి ఉండాలి, ఆ దేశంలో ఈ కుటుంబాల వర్గంతో గొడవలున్న వర్గంవాళ్లు కాకూడదు. కరపత్రాల కంటే నిమిషంలోపు వాయిస్ మెసేజ్ బాగా పనిచేస్తుంది, ఎందుకంటే మాట్లాడే భాషలో చదవడం రానివాళ్లు చాలామంది. ఒక మెసేజ్‌లో ఒకే విషయం చెప్పించండి. పంపేముందు ఆ భాషవాళ్లలో ఒకరికి వినిపించి, ‘ఏం అర్థమైంది, మీ మాటల్లో చెప్పండి’ అని అడగండి. తేడా అక్కడే బయటపడుతుంది.

‘జబ్బుమనిషిని వేరే గదిలో ఉంచండి’ అన్న సలహా ఒకే గదిలో ఆరుగురు ఉండే ఇంటికి ఎగతాళిలా వినిపిస్తుంది. సహాయ శిబిరాలకు వాడే స్ఫియర్ ప్రమాణాల్లోనే మనిషికి కనీసం 3.5 చదరపు మీటర్ల చోటు ఉండాలంటారు. 2020లో సింగపూర్‌లో వలస కార్మికుల డార్మిటరీలలో కొవిడ్ అంతగా వ్యాపించడానికి ఇరుకే ముఖ్య కారణం. గది ఒక్కటే అయినప్పుడు జబ్బుమనిషి పడక కిటికీ దగ్గరికి జరపండి. ఎదురుగా తలుపో ఇంకో కిటికీనో తెరిస్తే గాలి ఆడుతుంది. మిగతా పడకలు వీలైనంత ఎడంగా, ఒకరి తల వైపు ఇంకొకరి కాళ్లు వచ్చేలా వెయ్యండి. జబ్బుమనిషి మాస్కు పెట్టుకోవాలి, చూసుకునేవాళ్లు ఒక్కరే ఉండాలి. మరుగుదొడ్డి, వంటగది ఉమ్మడిగా ఉంటే జబ్బుమనిషి అందరికన్నా చివర వాడి, ఆ తర్వాత తుడిచి, అరగంట తలుపు తీసి ఉంచాలి. మాస్కు విషయంలో 2020 ఆగస్టు నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ సూచన ఇది: 5 ఏళ్లు, అంతకు తక్కువ వయసు పిల్లలకు తప్పనిసరి చెయ్యొద్దు, 6 నుంచి 11 వరకు పరిస్థితినిబట్టి, 12 ఏళ్లు, ఆపైన అయితే పెద్దవాళ్లలాగే.

తుడవడంలో ఎక్కువమంది చేసే పొరపాటు నేరుగా బ్లీచ్ పొయ్యడం. మురికి ఉంటే క్లోరిన్ దానిమీదే ఖర్చయిపోతుంది, క్రిమి బతికే ఉంటుంది. ముందు సబ్బునీళ్లతో కడిగి, ఆ తర్వాత 5 శాతం బ్లీచ్ 20 మిల్లీలీటర్లు 980 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి తుడిచి, కనీసం నిమిషం తడిగా వదిలెయ్యాలి. రోజూ కొత్తగా కలపాలి, నిలవుంటే పస తగ్గుతుంది. ఆమ్లంతో చేసిన టాయిలెట్ క్లీనరుతోగానీ, అమోనియా ఉన్నదానితోగానీ కలిపితే విషవాయువు వస్తుంది. పిల్లలున్న గదిలో కూల్‌డ్రింకు సీసాలో పోసి పెట్టొద్దు. నీళ్లు మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు అందుతున్నాయో లేదో చూడండి. నీళ్లు లేనిచోట చేతులు కడుక్కోమని పాఠం చెప్పి లాభం లేదు. సబ్బుకు స్ఫియర్ లెక్క మనిషికి నెలకు 250 గ్రాములు ఒంటికి, 200 గ్రాములు బట్టలకు.

పిల్ల జబ్బుగా ఉంటే ఎప్పుడు ఆగకుండా పరుగెత్తాలో తల్లికి కంఠస్థం రావాలి. తాగలేకపోవడం, పాలు పట్టకపోవడం, తాగినదంతా కక్కెయ్యడం, ఫిట్స్, లేపినా లేవని మత్తు, గాలి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోవడం: ఇందులో ఏ ఒక్కటి ఉన్నా ఆసుపత్రే. పిల్ల ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి, పూర్తి నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టాలి. 2 నెలల్లోపు 60, 2 నుంచి 12 నెలల మధ్య 50, 1 నుంచి 5 ఏళ్ల మధ్య 40, లేదా అంతకు మించితే న్యుమోనియా అనుమానించాలి. 2 నెలలు నిండని బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ జ్వరమే చాలు, ఇంట్లో ఆగకూడదు. విరేచనాలైతే ఓఆర్ఎస్ పొట్లం పట్టాలి. పొట్లం దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో 6 చదునుగా కొలిచిన టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, అందుకే చెంచా ఏదో చూపించి కొలిపించండి.

మహమ్మారి మీదే అందరి చూపూ ఉంటే పాత జబ్బు వెనకనుంచి వస్తుంది. టీకాలు ఆగిపోయిన ఇరుకు ఇళ్లలో మొదట అంటుకునేది తట్టు (మీజిల్స్). టీకా కాగితం పోగొట్టుకున్న పిల్లకు ‘వేయించాం’ అన్న నోటిమాట మీద ఆధారపడరు, వేయలేదన్నట్టే లెక్కించి మళ్లీ మొదలుపెట్టడం వైద్యుల పద్ధతి. తట్టు టీకా ఒకటి ఎక్కువ పడినా హాని లేదు, పడకపోతేనే ముప్పు. 6 నెలల నుంచి 5 ఏళ్ల మధ్య పిల్లల్లో తిండి చాలక చిక్కిపోతున్నవాళ్లను గుర్తించడానికి తల్లులకే దండచేతి (మోచేతికి పైభాగం) చుట్టుకొలత టేపు ఇవ్వొచ్చు. 115 మిల్లీమీటర్లకు తగ్గితే ఎరుపు, అదే రోజు ఆసుపత్రి. 115 నుంచి 125 మధ్య పసుపు, త్వరగా చూపించాలి.

చదువు దగ్గరికి వద్దాం, మీ సొంత రంగం. 2020 ఏప్రిల్‌లో ప్రపంచమంతటా 150 కోట్లకు పైగా పిల్లలకు బడి మూతపడింది. ఎక్కువ చదువు నష్టపోయింది ఫోన్ లేనివాళ్లే. ఇంటికి ఒక్క ఫోనే ఉంటే అది పగలు తండ్రితో పనికి పోతుంది. కాబట్టి ప్రత్యక్ష వీడియో పాఠం పెట్టకండి. సాయంత్రం వినే చిన్న ఆడియో పాఠం, దాంతోపాటు వారానికి సరిపడా కాగితాల కట్ట ఇవ్వండి. డేటా ఖర్చు భరించండి. వారానికోసారి టీచరు ఐదు నిమిషాలు ఫోన్ చేసి పిల్లతో, తల్లితో విడివిడిగా మాట్లాడాలి. పిల్ల వరసగా రెండుసార్లు అందకపోతే పాఠం గురించి కాకుండా పిల్ల ఎక్కడుందని అడగండి. తమ్ముళ్లను చూసుకుంటోందా, పనికి పెట్టారా, పెళ్లి మాటలు మొదలయ్యాయా? ఇంట్లో దెబ్బలుంటే పక్కన మనిషి ఉండగా తల్లి చెప్పుకోలేకపోతుంది. ‘ఎరుపు పుస్తకం పంపండి’ లాంటి మామూలు మాట ఒకటి తల్లితో ముందే అనుకోండి, అది వినగానే ఏం చెయ్యాలో మీకు తెలిసి ఉండాలి.

యుద్ధం చూసి వచ్చిన పిల్లకు మూసిన తలుపు, సైరన్, మొహం కనబడని తెల్ల దుస్తుల మనుషులు వేరే సంగతి గుర్తుచేస్తాయి. ఆరోగ్య సిబ్బంది ఇంటికి వచ్చేముందు మాస్కు లేకుండా తీసిన తమ ఫొటో ఫోన్లో పంపితే, లేదా పెద్ద అక్షరాల పేరుతో ఫొటోను డ్రస్సు మీద అంటించుకుంటే పిల్ల గుర్తుపడుతుంది. పక్క తడపడం, తల్లిని వదలకపోవడం, మాట తగ్గిపోవడం, కారణంలేని కడుపునొప్పి కొన్నాళ్లు ఉంటే ఆశ్చర్యం లేదు. నిద్ర, తిండి, ఆట రోజూ ఒకే వేళకు జరిగితే చాలామందిలో తగ్గుతాయి. యుద్ధం గురించి మీరుగా అడిగి చెప్పించకండి, చెబితే వినండి. వారాల తరబడి నిద్ర లేకపోయినా, తనను తాను గాయపరచుకుంటున్నా మానసిక వైద్యుల దగ్గరికి పంపాలి. బడి మళ్లీ తెరిచిన రోజు ‘వీళ్లవల్లే జబ్బు వచ్చింది’ అన్న మాట తరగతిలో వినబడుతుంది. అప్పటికప్పుడు, అందరి ముందూ ఖండించండి. ఊరుకుంటే ఆ పిల్ల మర్నాటి నుంచి రాదు.

అన్ని కార్డులూ ఒకేసారి నింపలేరు కాబట్టి తల్లో తండ్రో ఒక్కరే ఉన్న ఇళ్లతో మొదలుపెట్టండి. తర్వాత పాలు తాగే బిడ్డలున్నవి, ఆ తర్వాత పెద్దలెవరూ లేకుండా వచ్చిన పిల్లలవి. అలా వచ్చిన పిల్లలకు చట్టపరంగా సంరక్షకులెవరో ఈ నెలలోనే తేల్చుకోవాలి. వలస కుటుంబాల ఫోన్ నంబర్లు తరచూ మారతాయి. మూడు నెలలకోసారి కార్డుమీది ప్రతి నంబరుకూ ఫోన్ చేసి, మోగుతోందో లేదో, ఎత్తినవాళ్లు ఇంకా ఒప్పుకుంటున్నారో లేదో కనుక్కుని, పక్కన తేదీ వెయ్యండి.